ఏడు కిలోల యూరప్

ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరూ నవ్వకూడదు. ముఖ్యంగా నువ్వు, ధర్మలింగం. నోట్లో కాఫీ పెట్టుకుని నవ్వడం నీకు అలవాటు. నీ ఎదురుగా కూర్చోవడం ఆనందన్ తలరాత. పోయిన ఏప్రిల్ నుంచి ఈ కాఫీ అంగడిలో మీ ఇద్దరికీ నేను యూరప్ కబుర్లు చాలా చెప్పాను. మా ఆవిడను చెయ్యి పట్టుకుని ఊరూరా తిప్పానని కూడా చెప్పాను. అందులో ఊళ్ళ పేర్లు మాత్రమే నిజం. మిగతాది ఇవాళ చెబుతాను.

నా సంగతి మీకు తెలిసిందే. మన చెన్నై మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు ప్రెషర్ మీటర్లు చూసి రిటైరైన యతిరాజులును. ఏ గొట్టంలో ఎంత ఒత్తిడి ఉందో దూరం నుంచి చప్పుడు విని చెప్పగలిగేవాణ్ణి. ఇంట్లో ఒత్తిడి మాత్రం పేలితే గాని తెలిసేది కాదు.

మా ఆవిడ వెంకటలక్ష్మి సంగతీ తెలిసిందే. వాషర్‌మెన్‌పేటలో మా ఇంటి కిందే అంగడి పెట్టి ఇరవై ఆరేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. పేటలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు ఆమెకు నోటికి వచ్చు. నా కొలత అయితే పెళ్ళయిన వారంలోనే తీసేసింది.

ఒక ఆదివారం పొద్దున దోసె పళ్ళెం పక్కన ఒక రంగుల కాగితం పెట్టింది.

"ఏందిది?" అన్నాను.

"యూరప్ టూరు. మైలాపూరులో ఏదో కంపెనీ వాళ్ళు తీసకపోతారంట. వంటమనిషి కూడా వస్తాడంట. పోదామా?"

దోసె గొంతులో అడ్డం పడింది. నేను అప్పటిదాకా విమానం ఎక్కినవాణ్ణి కాదు. రిటైరయ్యాక నేను వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున పేపరు, పదకొండింటికి మీతో కాఫీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ మీతో కాఫీ. అందులో యూరప్‌కు ఖాళీ లేదు.

అలాగని మా ఆవిడతో నేరుగా "వద్దు" అనలేను. నేను చివరిసారి నేరుగా వద్దన్నది ఒక ఫ్రిజ్జును. అది ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది.

అందుకని ఒక పన్నాగం పన్నాను. వద్దని నేను అనకూడదు, ఆమె చేతే అనిపించాలి. కాగితాన్ని రెండు వేళ్ళతో పక్కకు నెట్టి, "ప్యాకేజీయా? ఛీ! ఎవరో జెండా పట్టుకొని ముందు పోతా ఉంటే ఎనకాల నలభై మంది నడవడం ఒక యాత్రా? పోతే మనంతట మనమే పోవాల. తక్కువ ఖర్చులో, సొంతంగా!" అన్నాను.

ఆమె భయపడుతుందని ఎదురుచూశాను. ఆమె దోసె తిరగేస్తూ, "సరే" అంది.

"హోటళ్ళు గీటళ్ళు ఉండవు. హాస్టల్లే. ఒక రూములో ఎనిమిది మంది పడుకుంటారు."

"సరే."

"ట్యాక్సీ ఉండదు. నడకే."

"సరే."

"సామాను మనిషికి ఏడు కిలోలే. ఇంటి తిండి మూట కట్టేది లేదు. ఫోన్లో ఆ దేశాల సిమ్ము కూడా ఒకటే, నా ఫోన్లో."

"సరే. ఇంకో దోసె వెయ్యనా?"

ఆ దోసె నాకు ఎక్కలేదు.

అయినా ఆశ చావలేదు. ఎందుకంటే ఆ వారంలోనే మా బామ్మర్ది విజయకుమార్ వచ్చాడు. తొమ్మిది రోజుల్లో పదకొండు దేశాలు చూసొచ్చిన ఘనుడు. అందుకే మేము వాణ్ణి పదకొండు దేశాల విజయకుమార్ అంటాం. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎవురు, మా అక్కా? ఇడ్లీ లేకుంటే మూడో దినమే ఏడస్తాది. అదీ ఆ మోకాళ్ళతో! బావా, సుమ్మా ఊరకుండండి. నీకు కావాలంటే నా ఫోటోలు చూపిస్తాలే అక్కా, ఇంట్లో కూర్చొని చూసేయ్."

మా ఆవిడ అప్పుడు పెదాల మధ్య సూది పెట్టుకుని జాకెట్టు అంచుకు హెమ్మింగు చేస్తోంది. సూది నోట్లో ఉన్నంతసేపు ఆమె మాట్లాడదు. తీసిందంటేనే భయం. నెమ్మదిగా తీసింది.

"రేయ్, నువ్వు చూసింది యూరప్ కాదు, బస్సు కిటికీ. పదకొండు దేశాల్లో ఒక్క దేశంలో అయినా నీ అంతట నువ్వు రోడ్డు దాటినావా? నేను దాటతా. చూస్తా ఉండు."

మరుసటి రోజు నుంచి పొద్దున్నే లేచి నడక మొదలుపెట్టింది. వీపున సంచి తగిలించుకుని, సంచిలో ఏడు కిలోల బియ్యం వేసుకుని, మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి. వీధంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి వీధి నవ్వడం మానేసింది. నేను ఏడవడం మొదలుపెట్టాను.

ఇక మిగిలింది వీసా. దాన్ని ఆమె "సెనగల వీసా" అనేది. యూరప్ దేశాలకిచ్చే ఆ వీసా పేరు షెంగెన్ అని నాలుగుసార్లు దిద్దాను. "సెనగలే బాగుండాది, నోరు తిరగతాది" అంది. అదైనా రాకుండా చూడమని దేవుడికి మొక్కుకున్నాను. కాగితాలు తీసుకునే అమ్మాయి, "ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగితే, "నాకూ అర్థం కావడం లేదమ్మా" అని నిజమే చెప్పాను. ఇంత అనుమానాస్పదమైన మనిషికి వీసా ఎవరిస్తారు?

ఆ అమ్మాయి మా ఆవిడ వైపు తిరిగింది. మా ఆవిడ తనకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం ఒక్కచోటికి చేర్చి, "మేడమ్, ట్వంటీ సిక్స్ ఇయర్స్ సిట్టింగ్. నౌ వాకింగ్" అంది.

తొమ్మిదో రోజుకు వీసాలు వచ్చేశాయి.

మొదటి ఊరు రోమ్. హాస్టల్ గది చూడగానే నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి మంచాలు. మా ఆవిడ మోకాళ్ళ పేరు చెప్పి కింది మంచం తీసుకుంది. నాకు పైది. దాని నిచ్చెన పిల్లల పార్కులో జారుడుబల్లకు ఉండేటంత. ఎక్కడం ఒక వ్యాయామం, దిగడం ఒక ప్రాయశ్చిత్తం.

మిగతా ఆరు మంచాల్లోనూ ఇరవై ఏళ్ళ పిల్లలు. ఎవరిది ఏ దేశమో తెలియదు. వాళ్ళలో ఒక పిల్ల సంచి జిప్పు తెగిపోయి, పిన్నులు పెట్టుకుని తిరుగుతోంది. మా ఆవిడ ఆ సంచి లాక్కుని, అరగంటలో జిప్పు కుట్టి చేతిలో పెట్టింది. అంతే. రెండో రోజుకు ఆమె మంచం ముందు క్యూ. చిరిగిన ప్యాంట్లు, ఊడిన గుండీలు, తెగిన పట్టీలు. అందరూ ఆమెను "మమ్మా" అనేవాళ్ళు. హాస్టల్ వంటింట్లో వాళ్ళు ఏం వండుకున్నా మమ్మాకు ఒక గిన్నె వచ్చేది. మమ్మా మొగుడికి ఆ గిన్నెలో మిగిలింది.

నేను నా గౌరవం నిలబెట్టుకోవాలి కదా. దారి చూపించే పని నాది అన్నాను. ఫోనులో మ్యాపు పట్టుకుని మొదటి రోజు నలభై నిమిషాలు నడిపించి ఒక శ్మశానం గేటు ముందు నిలబెట్టాను.

"ఇదేనా ఆ పాత స్టేడియం?" అంది మా ఆవిడ.

"దాని... ఎనకపక్క."

ఆమె వీధి కుళాయిలో సీసా నిండా నీళ్ళు పట్టుకుని, సూర్యుడి వైపు ఒకసారి చూసి, ఎదురుగా వస్తున్న ఒక ముసలాయనకు చేతులతో గుండ్రంగా గీసి చూపించింది. ఆయన కుడివైపు చూపించాడు. పావుగంటలో చేరాం. ఆ తర్వాత నేను మ్యాపు చూసేది ఆమె నడిచాక, ఎటు వచ్చామో తెలుసుకోవడానికి మాత్రమే.

రోమ్ నుంచి బుడాపెస్టుకు చవక విమానం. గేటు దగ్గర సంచులు తూస్తున్నారు. మా ఆవిడ సంచి ఆరు కిలోల ఎనిమిది వందలు. నాది తొమ్మిదిన్నర.

"తెరవండి" అంది ఆ అధికారిణి.

తెరిచాను. చొక్కాల కింది నుంచి మురుకుల డబ్బా బయటపడింది. పెద్దది.

మా ఆవిడ దాని వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇంటి తిండి మూట కట్టేది లేదు అని ఎవురో అన్నారే. ఎవురండి ఆయన?"

"ఆపదకు ఉంటాయని..."

"ఈడ ఆపద మీరేనండి."

మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక లుంగీ ఒంటి మీద వేసుకుని, మురుకులు అక్కడ నిలబడ్డ వాళ్ళందరికీ పంచి, గంగిరెద్దులాగా విమానం ఎక్కాను. మా ఆవిడ మాత్రం కోటు వేసుకుని దర్జాగా నడిచింది. సీట్లో కూర్చున్నాక కోటు తెరిచి చూపించింది. లోపల పంతొమ్మిది జేబులు. స్వయంగా కుట్టింది. ఒక జేబులో కరివేపాకు పొడి, ఒక దాంట్లో పప్పుల పొడి, ఒక దాంట్లో మాత్రలు, ఒక దాంట్లో సూది దారం. ఆమె సంచిలో ఏడు కిలోలు ఉంటే, ఒంటి మీద ఇంకో మూడు కిలోలు నడుస్తున్నాయి.

"ఇది మోసం కదే" అన్నాను.

"సంచి ఏడు కిలోలే అన్నారు. జేబు గురించి ఎవురూ చెప్పలేదే."

బుడాపెస్టులో వేడి నీటి కొలనులు ఉన్నాయి. భూమిలోంచే వేడిగా వస్తాయి. మోకాళ్ళకు మంచిదని ఎవరో చెప్పారట. మోకాళ్ళ దాకా ఉండే నీలం రంగు ఈత దుస్తు కూడా చెన్నైలోనే కుట్టి తెచ్చుకుంది. నాకు చెమటలు పట్టాయి.

"లక్ష్మీ, ఈ వయసులో, నలుగురిలో..."

"ఎవురు ఆ నలుగురు? చూపించండి. ఆడ చూడండి, మా అమ్మ వయసు ఆడోళ్ళు నీళ్ళల్లో కూర్చొని కబుర్లు చెప్పుకుంటా ఉండారు. వాళ్ళకు లేని సిగ్గు నాకెందుకంట?"

దిగింది. మెడదాకా నీళ్ళలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె ఏ పనీ చేయకుండా ఒక గంట కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను గట్టు మీద చెప్పులకు కాపలా కూర్చున్నాను. ఎందుకో ఆ గంటసేపు నాకు ఇంటి మీద ధ్యాస పోలేదు. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు.

అక్కడి నుంచి రైల్లో బ్రాటిస్లావా. అక్కడ కోట కొండ మీద ఉంది. ట్యాక్సీ లేదన్నది నేనే కదా! తర్వాత వియన్నా. అక్కడ పెద్ద సంగీత నాటకశాలలో నిలబడి చూసే చవక టిక్కెట్లు ఉంటాయి. మూడు గంటలు. మా ఆవిడ నిలబడి వింది. నేను నిలబడి నిద్రపోయాను. ఈ విద్య గుర్రాలకే ఉందనుకునేవాణ్ణి.

ప్రాగ్ చేరేసరికి నా కాళ్ళలో బొబ్బలు, కళ్ళలో మన అంగడి కాఫీ. ఇంకా అయిదు రోజులున్నాయి. అప్పుడు రెండో పన్నాగం పన్నాను. పొద్దున పై మంచం మీదే ఉండి మూలిగాను.

"లక్ష్మీ, నడుము పట్టేసింది. కదలలేను. బ్యాక్‌ప్యాక్ మోసి మోసి బ్యాక్‌పెయిన్ వచ్చేసింది. టిక్కెట్టు మార్చుకొని ముందే ఇంటికి పోదామా?"

ఆమె నా నడుము మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. కొలతలు తీసే వేళ్ళు. వాటికి తెలియనిది లేదు. అయినా పంతొమ్మిది జేబుల్లో ఒక జేబు నుంచి నొప్పి మందు తీసి నా పక్కన పెట్టింది.

"పడుకోండి. నేను పోయొస్తా."

"ఏడికి?"

"కుట్నాహోరా అని పక్క ఊరు. రైల్లో ఒక గంట. నాలుగింటికి వచ్చేస్తా."

"ఒంటిగానా? ఫోన్లో సిమ్ము కూడా లేదు. భాష ఎట్ట?"

"వాళ్ళకు తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. సమానమే కదా?"

కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

మొదటి గంట హాయిగా పడుకున్నాను. రెండో గంట ఆమె దారి తప్పి ఉంటుందని చిన్నగా సంతోషించాను. వచ్చి "మీరు లేక చాలా కష్టమైంది" అంటుంది, నేను "చూశావా" అంటాను. మూడో గంట నుంచి ఆ సంతోషం పోయింది. నాలుగయింది. నాలుగున్నర అయింది. ఆమె దగ్గర ఫోను పనిచేయదు. ఆ సిమ్ము నా ఫోన్లో ఉంది. ఒకటి చాలన్నది నేను. అయిదయ్యేసరికి ఆ ముక్క నా గుండెల్లో కూర్చుంది.

నిచ్చెన మీద నుంచి ఎలా దిగానో గుర్తులేదు. దిగలేదేమో, దూకానేమో. స్టేషన్‌కు పరుగెత్తాను. నా బొబ్బలు, నా వయసు, నా నడుము, ఏదీ నాతో రాలేదు. అక్కడి రైళ్ళ బోర్డు మీద ఊళ్ళ పేర్లన్నీ గజిబిజిగా మారిపోతున్నాయి. ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి మెట్లెక్కి దిగాను, దిగి ఎక్కాను. యూనిఫారంలో కనిపించిన ప్రతివాడి ముందూ నిలబడి, "మై వైఫ్, కోటు, మెనీ మెనీ పాకెట్స్" అన్నాను. వాళ్ళు నన్ను జేబుదొంగ బాధితుణ్ణి అనుకుని పోలీసుల గది చూపించారు.

ముప్పై రెండేళ్ళలో ఆమె లేకుండా నేను ఏ ఊరూ చూడలేదు. అంత అందమైన ప్రాగ్ ఆ అరగంటలో నాకు అడవిలాగా కనిపించింది.

అయిదూ నలభైకి ఒక రైలు వచ్చింది. అందులోంచి మా ఆవిడ దిగింది. వెంట ముగ్గురు తెల్ల ముసలమ్మలు. నలుగురూ పగలబడి నవ్వుకుంటున్నారు. ఏ భాషలోనో ఆ దేవుడికే తెలియాలి. వాళ్ళలో ఒకావిడ మా ఆవిడ కోటు తిరగేసి జేబుల కుట్టు పరీక్షిస్తోంది.

నేను ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి, చేతులూపుకుంటూ, గుర్రంలాగా దూసుకువచ్చాను.

మా ఆవిడ నన్ను తల నుంచి కాలి దాకా చూసింది.

"నడుము బాగైపోయినట్టుండాదే?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు నడుమన్న సంగతి. ప్రాగ్‌లో పరాగ్గా దొరికిపోయాను. చెయ్యి నడుము మీద వేసుకున్నాను. అది కూడా పొద్దున మూలిగిన వైపు కాదు, రెండో వైపు.

ముసలమ్మలు వెళ్ళిపోయాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆమె పొట్లం విప్పి నాకో రొట్టె ముక్క ఇచ్చింది.

"ఆ ఊర్లో ఒక గుడి ఉండాది. లోపలంతా మనుషుల ఎముకలే. దీపాల గుత్తి కూడా ఎముకలతోనే చేసి తగిలించినారు. వేల మంది ఎముకలండి. ఒక్కడు కూడా నొప్పి అనలేదు."

నాకు ఇక దాచే ఓపిక లేదు. మొత్తం కక్కేశాను. రావడమే ఇష్టం లేదన్నాను. ప్యాకేజీ వద్దన్నది కూడా ఆమె భయపడి మానుకుంటుందనే అన్నాను. విమానమన్నా, కొత్త ఊరన్నా నాకు భయమన్నాను.

ఆమె రొట్టె నములుతూ, "తెలుసు" అంది.

"ఎప్పుడి నుంచి?"

"దోసె తినేటప్పటి నుంచి. ఏమండి, మనమే సొంతంగా పోదామని నేనడిగుంటే మీరు ఏమనుంటారు?"

ఆలోచించాను. "పిచ్చా నీకు, పోతే ప్యాకేజీలో పోదాం, అదీ రెండేళ్ళు పోయినాక... అనుంటా."

"అందుకే ప్యాకేజీ అనడిగినా."

నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "మరి ఆ రంగుల కాగితం?"

"జాకెట్లు చుట్టి ఇచ్చే పాత కాగితాల్లో దొరికింది. ఆ టూరు అంతకు ముందు ఏడే అయిపోయింది. తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాది. మీరు చూస్తారేమోనని భయపడినా. మీరు రెండు వేళ్ళతో పక్కకు నూకేసినారు."

ఆ రొట్టెను అప్పుడు కొరికాను.

"నీకు భయం లేదా లక్ష్మీ?" అన్నాను.

"ఎందుకు లేదు? పొద్దున రైలెక్కినప్పుడు కాళ్ళు వణికినాయి. వణికితే వణకనీ అనుకున్నా. పోలేవు, చెయ్యలేవు, ఏడస్తావు అని అందరూ చెప్తారే, వాళ్ళను ఎవురు అడిగినారంట? లేయండి. ఇంకా నాలుగు దినాలుండాది. రేపు మీరు కూడా కండిప్పా, తప్పకుండా వస్తారు."

వెళ్ళాను. ఆ నాలుగు రోజులూ ఆమె ఎటు నడిస్తే అటు నడిచాను. నిజం చెప్పనా? ఆ నాలుగు రోజులే నాకు యూరప్ కనిపించింది. అంతకుముందు కనిపించినవి నా కాళ్ళే.

తిరిగొచ్చాక విజయకుమార్ వచ్చాడు. "ఏమక్కా, ఏడిస్తివా?" అన్నాడు.

"ఏడిస్తినిరా" అంది మా ఆవిడ. "తిరిగి విమానం ఎక్కేటప్పుడు." తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి, ఫోటో ఒక్కటి కూడా చూపించకుండా, రోడ్డు దాటిన కథే రెండు గంటలు చెప్పింది. ఇప్పుడు వాడు సొంతంగా మహాబలిపురం పోవడానికి మ్యాపు నేర్చుకుంటున్నాడు.

ఇదీ అసలు కథ. ఇవాళే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న పొద్దున మా ఆవిడ కాఫీ చేతికిస్తూ, "ఈ ఏడు ఏడికీ పోవద్దండి. కాళ్ళు నొప్పులు. ఇంట్లోనే ఉందాం" అంది.

నా నోట "ఛీ, పోవాల్సిందే" అని వచ్చేసేదే. నాలుక కరుచుకున్నాను. అలా అనాలనే ఆమె ఇలా అంటోందా? పోనీ "సరే, ఉందాం" అందామా? ఒకవేళ నేను కనిపెట్టి సరే అంటానని ముందే లెక్కేసి, నిజంగానే ఇంట్లో ఉండాలనుకుంటోందా? అప్పుడు పోదామంటే? ధర్మలింగం, రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. నాకు పోవాలని ఉందో లేదో కూడా ఇప్పుడు నాకు తెలియడం లేదు.

చివరికి, "ఆలోచించి చెప్తాలే" అన్నాను.

ఆమె నా గ్లాసు తీసుకుని వంటింట్లోకి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"నిదానంగా ఆలోచించండి. సోమారం పదకొండింటికి వీసా ఆఫీసులో మన వంతు. అంతలోపల ముగించేయండి."